ప్రమాణం ఏది? – ఓరుగల్లు బజారు లెక్కల కథ

పంటల కాలంలో వరంగల్లు ఎనుమాముల మార్కెట్టు ప్రొద్దు పొడవకముందే మేలుకొంటుంది. పత్తి, మిరప, పసుపు, మొక్కజొన్న బండ్లకొద్దీ వచ్చి దిగుతాయి. హమాలీలు బస్తాలు దించుతారు. దడ్వాయి తూకం వేస్తాడు. ఖరీదుదారు ధర పలుకుతాడు. చివరకు అడ్తి దుకాణంలోని గుమాస్తా తక్‌పట్టీ వ్రాసి రైతు చేతికి ఇస్తాడు. అరచేతిలో ఇమిడే ఆ కాగితం మీద ఒక కుటుంబం ఆరు నెలలు పడిన కష్టం నాలుగైదు అంకెలుగా మారి కనబడుతుంది.

ఆ కాగితం మీద ఉన్న గణితం ఏపాటిది? ఒక గుణకారం, రెండు మూడు తీసివేతలు, ఒకటి రెండు శాతాలు. ఎనిమిదవ తరగతి దాటిన విద్యార్థికి తెలియనిది అందులో ఏదీ లేదు. అయినప్పటికీ చదువుకొన్నవారు సైతం దానిని మడిచి జేబులో పెట్టుకొని ఇంటికి పోతారు. జీతం చీటీని, అప్పు పత్రాన్ని, విద్యుత్తు బిల్లును కూడ మనం ఇట్లాగే మడిచి పెడుతున్నాము. కారణం గుణకారం రాకపోవడం కాదు. ఏమని ప్రశ్నించవలెనో తెలియకపోవడం.

ఆ ప్రశ్న ఏమిటో మన పూర్వులు వెయ్యేండ్లకు ముందే చెప్పినారు. దానికి మూడక్షరాల పేరు కూడ పెట్టినారు: ప్రమాణం. ఓరుగల్లు చరిత్రను ఈ ఒక్క మాట వెంబడి చూచినట్లయితే, ప్రమాణం బహిరంగంగా ఉన్నప్పుడు వర్తకం వర్ధిల్లినదనీ, దాగినప్పుడు బీదవాడు చెడినాడనీ బోధపడుతుంది.

తెలుగులో తొలినాటి శాస్త్రగ్రంథం

తెలుగులో శాస్త్ర విషయాలను గూర్చి వెలువడిన తొలి గ్రంథాలలో ఒకటి గణితానికి చెందినది కావడం మనం గర్వింపదగిన విషయం. అది పావులూరి మల్లన వ్రాసిన ‘సారసంగ్రహ గణితము’. మల్లన 11వ శతాబ్దపువాడని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. నన్నయ మహాభారతాన్ని తెలుగు చేసిన కాలానికి ఇంచుమించు దగ్గరలోనే గణితం కూడ తెలుగు పద్యాలలోనికి వచ్చినదన్న మాట.

మల్లన గ్రంథానికి మూలం మహావీరాచార్యుని ‘గణితసార సంగ్రహము’. మహావీరుడు 9వ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో ఉన్న జైన గణితవేత్త. లోకవ్యవహారంలో ఏ పనికైనా గణితం కావలసినదేనని ఆయన గ్రంథారంభంలోనే చెప్పినాడు. చెప్పి ఊరుకొనక, వడ్డీ లెక్కలు, వాటాల పంపకం, బంగారం వన్నె లెక్కలు, గోతుల త్రవ్వకం, పొలాల వైశాల్యం మొదలైనవాటిని వరుసగా బోధించినాడు. మల్లన ఆ గ్రంథాన్ని మక్కికి మక్కిగా తెలుగు చేయలేదు. మూలంలోని జైన ఉదాహరణలకు బదులు తెలుగువారికి పరిచితమైన శైవ సంబంధమైన ఉదాహరణలు చేర్చినాడు. లెక్క ఒకటే అయినా, అది తనకు తెలిసిన వస్తువులతో చెప్పినప్పుడే విద్యార్థి మనస్సుకు పట్టుతుందని ఆయన గ్రహించి ఉండవచ్చు. ఉపాధ్యాయులు ఈ సంగతిని గమనింపవలెను.

ఈ గ్రంథాలన్నింటిలో వర్తకునికి వెన్నెముక వంటి సూత్రం ఒకటి ఉన్నది. అదే త్రైరాశికం. 5 సేర్ల బియ్యం 20 రూపాయలైతే 12 సేర్లకు ఎంత? ఇందులో మనకు తెలిసిన రాశులు మూడు. మొదటిది 5 సేర్లు. దీనికి ప్రమాణం అని పేరు. రెండవది ఆ ప్రమాణానికి చెల్లే 20 రూపాయలు. ఇది ఫలం. మూడవది మనకు కావలసిన 12 సేర్లు. ఇది ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించగా 48 రూపాయలు వచ్చినవి. ఇది ఇచ్ఛాఫలం.

క్రీ. శ. 499 నాటి ఆర్యభటీయంలోనే ఈ సూత్రం ఉన్నది. వడ్డీ లెక్కలో కాలం కూడ చేరుతుంది కనుక అక్కడ ఐదు రాశులు వస్తాయి. దానిని పంచరాశికం అన్నారు. ‘నూరు రూపాయలకు, ఒక నెలకు, ఒక రూపాయి’ అనే మూడూ తెలిసినప్పుడు 500 రూపాయలకు 6 నెలల వడ్డీ 30 రూపాయలని చెప్పగలము. మూడింటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా లెక్క సాగదు. ‘వడ్డీ ఒక రూపాయి’ అని మాత్రమే ఎవరైనా అన్నారంటే, వారు ఫలం చెప్పి ప్రమాణం దాచినారన్న మాట. ఎంతకు? ఎంత కాలానికి? ఈ రెండు ప్రశ్నలు అడిగినవాడే లెక్క తెలిసినవాడు.

శిలమీద చెక్కిన ప్రమాణం

ఓరుగల్లు రాజధానిగా కాకతి గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు రాజ్యం చేసినాడు. ఆయన సింహాసనం ఎక్కిన మూడేండ్లకు, 1202లో, ఇటలీలోని పీసా నగరవాసి లియొనార్డో – ఈయననే ఫిబొనాచీ అంటారు – ఒక గణిత గ్రంథం వ్రాసి భారతీయ అంకెలతో లెక్కలు చేయడం యూరపు వర్తకులకు నేర్పినాడు. సరుకుల ధరలు, నాణేల మారకం, భాగస్థుల లాభాల పంపకం ఆ గ్రంథంలో విపులంగా ఉన్నవి. త్రైరాశికాన్ని యూరపులో తరువాతివారు బంగారు సూత్రమని మెచ్చుకొన్నారు. పీసాలో వర్తకులు క్రొత్తగా నేర్చుకొన్న అంకెల పద్ధతి ఇక్కడ అప్పటికే పాతది.

కాకతీయ రాజ్యానికి సముద్రద్వారం మోటుపల్లి రేవు. అది నేటి బాపట్ల జిల్లాలో ఉన్నది. ఆనాటి సముద్ర వ్యాపారికి తుపానుకన్న పెద్ద భయం మరొకటి ఉండేది. ఓడ దెబ్బతిని తీరానికి కొట్టుకొని వచ్చినట్లయితే, అందులోని సరుకును అక్కడి రాజులు స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో ఒక అభయశాసనం వేయించి ఈ పద్ధతిని తొలగించినాడు. నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకొనబోమని వర్తకులకు మాట ఇచ్చినాడు.

ఆ మాట ఇచ్చిన తీరు గణిత విద్యార్థి చూడదగినది. ఎగుమతి దిగుమతి సరుకులపై సుంకం ముప్పయింట ఒక పాలు అని శాసనం నిర్దేశించినది. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, పట్టు, పగడాలు, మిరియాలు మొదలైన సరుకులకు వేరువేరుగా రేట్లు చెప్పినది. పోకల సుంకానికి లక్ష పోకలు ప్రమాణం. అంటే శాసనం ఫలాన్ని మాత్రమే కాక, ప్రమాణాన్ని కూడ రాతిమీద చెక్కించినది. రేవులో దిగిన వర్తకుడు తన ఇచ్ఛను – తాను తెచ్చిన సరుకు ఎంతో – చూచుకొని, చెల్లించవలసినది తానే లెక్క కట్టుకొనవచ్చును. సుంకరి దయతో పని లేదు.

ముప్పయింట ఒకటి నేటి భాషలో నూటికి మూడు రూపాయల ముప్పయి మూడు పైసల పైచిలుకు. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకొనవలెను. వ్యాసం చివర మరల దీనితో పని ఉన్నది.

పన్ను కాని లెక్కలలో కూడ ఆనాటివారు ఇట్లాగే పాళ్ళు చెప్పుకొన్నారు. చెరువు త్రవ్వించి దాని పోషణ చూచేవారికి ఇచ్చే మాన్యాన్ని దశబంధం అన్నారు. దశ అంటే పది. పదింట ఒక పాలు అని అందులోనే ఉన్నది. పేరు వింటేనే ప్రమాణం తెలిసిపోతుంది.

నాలుగింటి లెక్క

శాసనాల భాష రాజులది. మరి ఇంటిలోని ఇల్లాలు, పొలంలోని రైతు, అంగడిలోని కోమటి ఏ విధంగా లెక్కించినారు? తెలుగువారి కొలతలలో దీనికి జవాబున్నది.

ధాన్యం కొలతలను చూడండి. 4 గిద్దలు 1 సోల. 4 సోలలు 1 మానిక. 4 మానికలు 1 కుంచం. 4 కుంచాలు 1 తూము. మధ్య సౌకర్యానికై 2 సోలలను తవ్వ అనీ, 2 మానికలను అడ్డ అనీ, 2 కుంచాలను ఇరస అనీ అన్నారు. తూము దాటిన తరువాత 20 తూములు 1 పుట్టి.

గిద్ద నుండి తూము వరకు అంతా నాలుగింటి మెట్లే. కుంచం తూములో కాలు, అనగా నాలుగవ వంతు. మానిక తూములో వీసం, అనగా పదహారవ వంతు. సోల తూములో కాని, అనగా అరువది నాలుగవ వంతు. రూపాయికి 16 అణాలు ఉన్న రోజులలో అణా రూపాయిలో వీసం. అణాలో నాలుగవ వంతైన పాత పైస రూపాయిలో కాని. కాబట్టి ధాన్యానికీ ధనానికీ నోటిలెక్క ఒకటే అయినది. తూము 1 రూపాయి అయితే మానిక అణా, సోల పైస అని కాగితం లేకుండా చెప్పగలిగినారు.

వ్రాతలో కూడ ఈ పద్ధతి ఉన్నది. కాళ్ళను, అనగా నాలుగవ వంతులను, నిలువు గీతలతో చూపినారు: ౹ ౺ ౻. వీసాలను అడ్డగీతలతో చూపినారు: ౼ ౽ ౾. అరువది నాలుగవ వంతులకు మరల నిలువు గీతలు. ఇట్లా నిలువు, అడ్డం మారుతూ పోతాయి. నేటి దశాంశ పద్ధతిలో బిందువు తరువాత స్థానం స్థానానికి విలువ పదవ వంతుకు తగ్గినట్లే, ఇందులో నాలుగవ వంతుకు తగ్గుతుంది. కరణాల లెక్కలలోను, వర్తకుల చిట్టాలలోను వాడిన ఈ గీతలను 2008లో కంప్యూటరు లిపుల అంతర్జాతీయ ప్రమాణమైన యూనికోడ్‌లో చేర్చినారు.

ఇంత చక్కని పద్ధతిలోను ఒక లోపం ఉన్నది. మానికకు 4 సోలలన్నది ఎక్కడికి పోయినా నిజమే. కాని అసలు తూము ఎంత? అది ఊరూరికి మారేది. ప్రమాణంలోనే తేడా ఉన్నప్పుడు, మిగిలిన లెక్క ఎంత సరిగా చేసినా ప్రయోజనం ఏమి? ధాన్యం అప్పిచ్చేవాడు చిన్న కుంచంతో కొలిచి ఇచ్చి, పెద్ద కుంచంతో కొలిచి తీసుకొంటే, వడ్డీ మాట ఎత్తకుండానే వడ్డీ వసూలైనట్లు.

ఒకటికి ఒకటిన్నర

నిజాం కాలపు తెలంగాణలో ‘నాగు’ అనే అప్పు పద్ధతి ఉండేది. విత్తనాలకో, తిండికో రైతు దొర వద్దనో షావుకారు వద్దనో ధాన్యం తెచ్చుకొంటాడు. పంట చేతికి వచ్చినప్పుడు ఒకటికి ఒకటిన్నర కొలవవలెను. వినడానికి ఇది తేలిక. అర మాత్రమే కదా ఎక్కువ! కాని ప్రమాణం ఏది? ఒక పంటకాలం, అనగా సుమారు ఆరు నెలలు. ఆరు నెలలకు నూటికి యాభై అంటే, ఏడాదికి నూటికి నూరు.

అప్పు తీరకపోతే ఏమవుతుంది? బాకీ మొత్తం మీద మరల నాగు పడుతుంది. ఒక తూము ధాన్యం తెచ్చుకొన్న రైతు వరుసగా పంటలు పోయి తీర్చలేదనుకొందాము.

మొదటి పంటకు బాకీ 1 తూము 2 కుంచాలు.
రెండవ పంటకు 2 తూములు 1 కుంచం.
మూడవ పంటకు 3 తూములు 1 కుంచం 2 మానికలు.
నాలుగవ పంటకు 5 తూములు 1 మానిక.
ఐదవ పంటకు 7 తూములు 2 కుంచాలు 1 మానిక 2 సోలలు.

ఇందులో నాలుగవ మెట్టును కొంచెం ఆగి చూడవలెను. వడ్డీకి హద్దు ఉండవలెనని మన ధర్మశాస్త్రాలు కూడ చెప్పినవి. ధనం మీద వడ్డీ అసలుతో కలిసి రెండింతలు దాటరాదనీ, ధాన్యం మీద ఐదింతలు దాటరాదనీ మనుస్మృతిలో ఉన్నది. నాగు లెక్కలో నాలుగు పంటలు తప్పేసరికి బాకీ ఐదింతలు కాక, ఐదు మీద వీసం అయినది. ఉదారమైన ఆ పాత హద్దునుకూడ అది దాటిపోయినది.

తీర్చలేని రైతు భూమిని వదులుకొన్నాడు. భూమి లేనివాడు తన శరీరాన్నే కుదువ పెట్టినాడు. అప్పు తీరేవరకు ఇచ్చినవాని ఇంట పనిచేసే ఈ మనిషిని భగేలా అన్నారు. కూలి ఎంత, అందులో అప్పుకు జమ ఎంత, వడ్డీ ఎంత అనే చిట్టా యజమాని చేతిలోనే ఉండేది. తండ్రి బాకీ కొడుకు తలమీదికి వచ్చేది. ఈ ఒప్పందాలను కట్టడి చేయడానికి హైదరాబాదు ప్రభుత్వం 1936లో ఒక నిబంధన చేసినది. చట్టం పుస్తకంలో ఉన్నా, లెక్క అడగలేనివానికి అది ఎంతవరకు అక్కరకు వస్తుంది? దేశమంతటా వెట్టి చాకిరీని రద్దు చేసిన చట్టం 1976లో వచ్చినది.

అడగలేకపోవడానికి భాష కూడ ఒక కారణం. ఆనాడు ప్రభుత్వ వ్యవహారం ఉర్దూలో నడిచేది. బడులలో బోధన ఉర్దూలో జరిగేది. తెలుగు రైతు తాను చదువలేని పత్రం మీద వేలిముద్ర వేసేవాడు. తూములో వీసం ఎంతో నోటిమీద చెప్పగలవాడు, తన బాకీ ఎంతో పత్రంలో చూచుకొనలేకపోయినాడు. అతనికి గణితం రాకపోలేదు. గణితం వ్రాసిన కాగితం అతనికి అందలేదు.

ఈ పరిస్థితిలో తెలుగు గ్రంథాలయాల స్థాపన ఎంత గొప్ప పనియో ఊహించవచ్చును. 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఏర్పడినది. 1906లో హైదరాబాదులో నెలకొన్న విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రతోపాటు ప్రకృతి శాస్త్రాలను కూడ తెలుగులో ప్రచురించినది. చదువు తెలిసినవాడు ఊరిలో ఒకడున్నా, వేలిముద్ర వేయడానికి ముందు ఆ కాగితంలో ఏమున్నదో చదివి చెప్పేవాడు ఉన్నాడన్న మాట.

ఏడు హాలీలకు ఆరు కల్దారులు

వరంగల్లు వర్తకునికి మరొక చిక్కు కూడ ఉండేది. హైదరాబాదు రాజ్యానికి స్వంత నాణెం ఉన్నది. దానిని హాలీ సిక్కా అన్నారు. సరిహద్దు దాటి బెజవాడకు పోతే అక్కడ ఇంగ్లీషు ప్రభుత్వ రూపాయి. దానిని ఇక్కడివారు కల్దారు అన్నారు. రెండింటికీ మారకం నూరు కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. ఈ వికారమైన అంకెను సరళం చేస్తే, 6 కల్దారులకు 7 హాలీలు.

ఇందులో పిల్లలు, పెద్దలు తరచు పొరబడే చోటు ఒకటి ఉన్నది. కల్దారును హాలీ చేయాలంటే ఆరవ వంతు కలపవలెను. 42 కల్దారులకు 7 కలుపగా 49 హాలీలు. మరల హాలీని కల్దారు చేయాలంటే ఆరవ వంతు తీసివేయవచ్చునా? వీలులేదు. 49లో ఆరవ వంతు 8 రూపాయల 2 అణాల 8 పైలు. అది తీసివేస్తే 42 రావు. 1 రూపాయి 2 అణాల 8 పైలు తక్కువ వస్తాయి. ఇప్పుడు తీయవలసినది ఏడవ వంతు. కలిపేటప్పుడు ప్రమాణం 6, తీసేటప్పుడు ప్రమాణం 7. ప్రమాణం మారినది కనుక భాగం కూడ మారవలెను.

హాలీ సిక్కా 1959 నాటికి చెలామణి నుండి తొలగిపోయినది. పొరపాటు మాత్రం తొలగలేదు. నేడు 18 శాతం పన్ను కలుపుకొని 1,180 రూపాయలకు ఒక వస్తువు కొన్నాము. పన్ను కాక అసలు ధర ఎంత? 1,180లో 18 శాతం తీసివేయబోతే 212 రూపాయల 40 పైసలు పోయి, 967 రూపాయల 60 పైసలు మిగులుతాయి. అది తప్పు. అసలు ధర 1,000 రూపాయలు, పన్ను 180. ప్రమాణం 100 కాదు, 118. హాలీ కల్దారుల పాఠమే ఇది.

ఇంతలో నాణెం, తూకం దేశమంతటా ఒకటి కాజొచ్చినవి. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి 100 నయాపైసల పద్ధతి వచ్చినది. అణాకు ఆరుంబాతిక నయాపైసలు కావడంతో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావులాకు 25 అని పట్టికలు వేసినారు. 1958 అక్టోబరు నుండి కిలోగ్రాము అంచెలంచెలుగా అమలులోకి వచ్చినది. నాలుగింటి నోటిలెక్కకు అలవాటుపడిన పెద్దలకు అది కష్టమే అయినది. కాని ఊరికొక కుంచం ఉండే రోజులు పోయినవి. వరంగల్లులో కిలో ఎంతో, ములుగులో కిలో అంతే. మోటుపల్లిలో రాతిమీద ఎక్కిన సూత్రం – ప్రమాణం అందరికీ తెలియాలి, అందరికీ ఒకటే కావాలి – ఏడు వందల ఏండ్లకు త్రాసులోనికి కూడ వచ్చినది.

నేటి కాగితాలు

ప్రమాణం ఒకటి అయినంతమాత్రాన దాచడం మానినారా? రెండు కాగితాలు పరిశీలిద్దాము.

మొదటిది ధాన్యం కాగితం. 40 కిలోల బస్తాకు ఒక కిలో తరుగు తీసినారనుకొందాము. ‘బస్తాకు కిలో’ అంటే చిన్నదిగా వినబడుతుంది. నలుబదింట ఒకటి అంటే నూటికి రెండున్నర. 21 బస్తాలు, అనగా 840 కిలోలు తెచ్చిన రైతుకు 21 కిలోలు పోతాయి. క్వింటాలు 2,000 రూపాయలైతే 420 రూపాయలు. ముప్పయింట ఒకటి అని చెప్పిన గణపతిదేవుని సుంకాన్ని ఇప్పుడు జ్ఞాపకం చేసుకొనండి. ఈ తరుగు అందులో సరిగా ముక్కాలు వంతు. సముద్రాలు దాటి వచ్చిన సరుకుమీద ఒక రాజు తీసుకొన్న పన్నులో ముక్కాలు వంతు, ‘కిలో’ అనే చిన్న మాటలో దాగి ఉన్నది. న్యాయమైన తరుగు ఉండవచ్చు, లేకపోవచ్చు. కాని దేనికి ఎంత అని తెలిసిన తరువాతనే ఆ వాదం మొదలుకావలెను.

రెండవది అప్పు కాగితం. క్రొత్తగా ఉద్యోగంలో చేరిన యువకుడు 12,000 రూపాయలు అప్పు తీసుకొన్నాడు. ‘వడ్డీ నూటికి నెలకు రూపాయే, పన్నెండు వాయిదాలలో తీర్చవచ్చు’ అన్నారు. ఏడాదికి వడ్డీ 1,440. మొత్తం 13,440ని పన్నెండుతో భాగిస్తే నెలకు 1,120. గుణకారం, భాగహారం రెండూ సరిగానే ఉన్నవి. మరి లోపం ఎక్కడ?

అతడు 12,000 రూపాయలను ఏడాదిపాటు వాడుకొనలేదు. నెలనెలా 1,000 రూపాయల అసలు తీరుస్తూనే ఉన్నాడు. అతని చేతిలో మొదటి నెల 12,000, రెండవ నెల 11,000, ఇట్లా తగ్గుతూ చివరి నెల 1,000 మాత్రమే ఉన్నది. పన్నెండు నెలల సరాసరి 6,500. ఆ 6,500కు ఏడాదికి 1,440 వడ్డీ అంటే నూటికి సుమారు 22 రూపాయలు. సూక్ష్మంగా లెక్క కట్టితే అంతకు కొంచెం తక్కువ, 21కి పైన. పన్నెండు అని విన్నది ఇరవై ఒకటి దాటినది. అబద్ధం ఎవరూ చెప్పలేదు. తగ్గుతున్న అసలుకు కాక, తీసుకొన్న అసలుకే వడ్డీ కట్టినారు. నాగులో కాలం దాగినది. ఇక్కడ అసలు దాగినది.

కనుక అప్పు తీసుకొనేవారు వాయిదా ఎంత అని అడిగి ఊరుకొనరాదు. వడ్డీ ఏ మొత్తానికి? ఎంత కాలానికి? తీర్చినకొద్దీ తగ్గుతుందా? ఈ మూడూ అడగవలెను. పంచరాశికం నేర్పినది ఇదే.

ఉపాధ్యాయులకు ఒక మాట

మల్లన తన కాలపు తెలుగువారికి తెలిసిన ఉదాహరణలతో గణితాన్ని చెప్పినాడు. నేటి ఉపాధ్యాయులు కూడ ఆ పని చేయవచ్చును. త్రైరాశికం చెప్పే రోజున ఒక తక్‌పట్టీని, సరళవడ్డీ చెప్పే రోజున ఒక వాయిదాల పట్టికను, శాతాలు చెప్పే రోజున ఒక దుకాణం రసీదును తరగతికి తెప్పించండి. పేర్లు కొట్టివేసి అంకెలు మాత్రం బల్లమీద వ్రాయండి. ప్రతి అంకె ప్రక్కన ‘దేనికి? ఎంత కాలానికి?’ అని విద్యార్థులచేత వ్రాయించండి. జవాబు దొరకని అంకె ఏదైనా ఉంటే, దానిచుట్టూ సున్న చుట్టించండి. ఆనాటి ఇంటిపని అదే: ఆ అంకెను గురించి పెద్దలను అడిగి రావడం.

ఎనుమాములలో తక్‌పట్టీ అందుకొన్న తండ్రి ప్రక్కన ఆ పిల్లవాడు నిలబడి ఉంటే, కాగితం మడిచి జేబులో పెట్టకముందు ఒక్క నిమిషం ఆగుతుంది. తండ్రి చూస్తాడు. పిల్లవాడు వ్రేలు పెట్టి ఒక అంకెను చూపి, ‘ఇది దేనికి?’ అని గుమాస్తాను అడుగుతాడు. గుమాస్తా జవాబు చెప్పవలసి వస్తుంది. ఓరుగల్లులో వెయ్యేండ్లుగా గణితం నేర్చినందుకు ఫలం ఆ ఒక్క ప్రశ్న.